చెప్పు కరిచే చోట

కొత్త చెప్పు కరిచిందంటాం. పాముకీ కుక్కకీ వాడే మాటనే ప్రాణం లేని చెప్పుకీ వాడతాం. ఆ నొప్పి ఎరిగినవాళ్ళు పుట్టించిన మాట అది.

నాకు ఆ మాట పూర్తిగా అర్థమైంది హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన మొదటిరోజున. ముందురోజు సాయంత్రం కొన్న నల్ల బెల్లీలు వేసుకుని బయల్దేరాను. మడమ ఎత్తు లేకుండా, వేళ్ళనీ మడమనీ కప్పి పాదం పైభాగాన్ని వదిలేసే ఆడవాళ్ళ బూట్లని మన దుకాణాల్లో బెల్లీలనే అడుగుతారు. లోపల సాక్సులు వేసుకోలేదు. బస్సు దిగాక పావుగంట నడక. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎడమ మడమ వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. పక్క బల్ల దగ్గర కూర్చునే అక్క చూసి, "సాక్సులు వేసుకుని రావాల్సిందమ్మా" అంది. ఆవిడ వెనకాల ఉన్న ఇంకో అమ్మాయి, "బెల్లీల్లోకి సాక్సులేంటక్కా, ఏం బాగుంటాయి?" అంది.

ఇన్నేళ్ళుగా ఈ రెండు మాటలూ వింటూనే ఉన్నాను. ఒకరికి అది సుఖం సంగతి, ఇంకొకరికి అందం సంగతి. ఆ రెండింటి వెనకా చర్మం, చెమట, నూలు, సూక్ష్మజీవులు కలిసిన పెద్ద కథ ఉంది. ఆ కథ తెలిస్తే ఏ రోజు వేసుకోవాలో, ఏ రోజు మానెయ్యొచ్చో ఎవరికి వారే తేల్చుకోగలరు.

ముందు ఆ బొబ్బ దగ్గరికే వెళ్దాం. బూటు అంచు చర్మాన్ని గీకి గీకి బొబ్బ లేపిందని అనుకుంటాం. గీకితే చర్మం చెక్కుకుపోతుంది, మంట పుడుతుంది, కానీ నీరు నిండిన బొబ్బ లేవదు. బొబ్బ పుట్టే తీరు వేరు. మీ ఎడమచేతి వెనకభాగం మీద కుడి చూపుడువేలు గట్టిగా ఆనించండి. వేలు జారనివ్వకుండా మణికట్టు వైపుకీ వేళ్ళ వైపుకీ ఆడించండి. వేలికి అంటుకున్న చోట చర్మం వేలితోపాటే కదులుతుంది, కింద ఎముక మాత్రం కదలదు. పైపొర ఒకవైపు లాగుతుంటే లోపలి పొరలు ఇంకోవైపు పట్టుకుని ఉంటాయి. ఇప్పుడు వేలికి బదులు బూటు వెనక అంచునీ, చేతికి బదులు మడమనీ ఊహించుకోండి. అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ మడమ ఎముక బూటులో కాస్త పైకి లేచి మళ్ళీ కిందికి దిగుతుంది. చర్మం మాత్రం బూటుకి అతుక్కుని ఉండిపోతుంది. పావుగంటలో వెయ్యికి పైగా అడుగులు పడతాయి. అన్నిసార్లు సాగి సాగి చివరికి బాహ్యచర్మం లోపలే ఒక పొర చిరిగి రెండుగా విడిపోతుంది. ఆ ఖాళీలోకి కింది నుంచి నీరు ఊరి వచ్చి చేరుతుంది. చిరుగు లోపల ఉంటుంది కాబట్టి పైన చర్మం చెక్కుచెదరకుండా బుడగలా నిలబడుతుంది.

అందుకే మందమైన చర్మం ఉన్న అరికాలు, మడమ, అరచేతుల్లోనే బొబ్బలు లేస్తాయి. పల్చటి చర్మమైతే బొబ్బ కట్టేలోపే ఊడిపోతుంది. చర్మం బూటుకి అతుక్కోకుండా జారిపోతే లోపలి పొరల మీద ఈ లాగుడు తగ్గుతుంది. సాక్సు చేసే మొదటి మేలు ఇదే. చర్మానికీ బూటుకీ మధ్య ఒక గుడ్డ ఉంటే కదలిక చర్మం లోపల కాక ఆ గుడ్డకీ బూటుకీ మధ్య జరిగిపోతుంది. అరిగేది నూలు. సాక్సుకి మడమ దగ్గర చిల్లు పడిందంటే ఆ రాపిడినంతా అది తన మీద వేసుకుందన్నమాట.

ఈ జారుడికి చెమట అడ్డొస్తుంది. పొడి చర్మం మీద రాపిడి తక్కువ, కాస్త తడిసిన చర్మం మీద చాలా ఎక్కువ. నీళ్ళు కారేంత తడిస్తే మళ్ళీ తగ్గుతుంది. నోట్ల కట్ట లెక్కపెట్టేవాళ్ళు వేలు తడి చేసుకునేది ఆ మధ్య స్థితి కోసమే. పొద్దున్న బాగానే ఉన్న బూట్లు మధ్యాహ్నానికి కరవడానికి ఒక కారణం ఇది: లోపల పాదం సరిగ్గా అంతే తడిసి ఉంటుంది.

పాదానికి అంత చెమట ఎక్కడిది? వీపు మీద చదరపు సెంటీమీటరుకి చెమట గ్రంథులు వంద కూడా ఉండవు, అరికాలిలో అంత చోటులోనే వందల్లో ఉంటాయి. పైగా అవి ఎండకే కాదు, కంగారుకి కూడా పనిచేస్తాయి. పరీక్ష హాల్లో, ఇంటర్వ్యూ గది బయట అరచేతులు తడిసినప్పుడు అరికాళ్ళూ తడుస్తాయి, మనం చూడం అంతే. చర్మానికి నూనె అందించే గ్రంథులు మాత్రం అరికాలిలో ఒక్కటీ లేవు. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఫంగస్‌ని కొంత అదుపులో పెడతాయి, అరికాలికి ఆ కాపలా లేదు. చలికాలం కాళ్ళు పగలడం, వానాకాలం వేళ్ళ సందులు నాని ఒరిసిపోవడం, రెండింటికీ ఈ నిర్మాణంలోనే మూలం ఉంది.

చెమటకి తనంతట తనకి వాసన లేదు. చర్మం మీద కాపురముండే స్టఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియా చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఐసోవెలరిక్ ఆమ్లంగా మారుస్తుంది. బూటు విప్పగానే ముక్కుకి తగిలే ఆ పుల్లటి కంపు దానిదే. దానికి తోడు, రాలిన చర్మాన్ని తిని గంధకం కలిసిన వాయువులు విడిచే బ్రెవిబాక్టీరియాలు కూడా ఉంటాయి. వాటి దగ్గరి చుట్టంతోనే యూరప్‌లో లింబర్గర్ అనే ఘాటైన జున్ను మాగబెడతారు. ఆఫ్రికాలో మలేరియాని మోసే అనాఫిలిస్ గాంబియే ఆడదోమ మనిషి పాదాల వాసనకీ ఈ జున్ను వాసనకీ ఒకేలా ఆకర్షితమవుతుందని బార్ట్ నోల్స్, రూర్డ్ డి యాంగ్ నిరూపించారు. వాళ్ళకి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి పేరు చూసి తేలిగ్గా తీసుకోకూడదు. దోమల్ని వలలోకి రప్పించే ఎరలు తయారుచేయడానికి ఆ పరిశోధన పనికొచ్చింది.

సాక్సు లేకుండా వేసుకున్న బెల్లీల్లో ఈ చెమట, రాలిన చర్మం, బాక్టీరియా అన్నీ ఎక్కడికి పోతాయి? బూటు లోపలి మెత్తలోకి ఇంకుతాయి. ఆ మెత్తని ఉతకలేం. సాక్సుని ఉతకగలం. ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికన్నా బరువైన మాట ఇదే. బనియనూ లంగా రోజూ ఉతుక్కుంటాం, వాటి మీద వేసుకునే కోటునీ పట్టుచీరనీ అన్నిసార్లు ఉతకం. ఒంటిని అంటిపెట్టుకునే గుడ్డ మురికిని తన మీద వేసుకుని పైబట్టని కాపాడుతుంది. పాదానికి సాక్సు అలాంటి లోపలిబట్ట. బెల్లీలకి దాన్ని తీసేస్తే బూటే లోపలిబట్ట అవుతుంది, కానీ అది ఎన్నాళ్ళైనా ఉతుకుడుకి నోచుకోదు.

పాదాల తామరని తెచ్చే ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్ సంగతి ఇక్కడే చెప్పాలి. ఆగ్నేయాసియాలోనూ పశ్చిమాఫ్రికాలోనూ అది చాలాకాలం ఒంటి మీద తామరగానే ఉండేదనీ, ఉత్తికాళ్ళతో తిరిగే అక్కడివాళ్ళ వేళ్ళ సందుల జోలికి పెద్దగా వెళ్ళలేదనీ, బూట్లతో వచ్చిన యూరప్ సైనికులకీ అధికారులకీ అంటుకున్నాక పాదాల జబ్బై ప్రపంచమంతా పాకిందనీ చర్మవైద్య చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. వెచ్చగా, చీకటిగా, తడిగా ఉండే చోటు దానికి బూటు కల్పించింది. చిటికెనవేలికీ దాని పక్కవేలికీ మధ్య సందు బాగా ఇరుకు, అందుకే తరచూ అక్కడే మొదలవుతుంది. తెల్లగా నాని, పొట్టు లేచి, దురద పెడుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో ఉతికితే ఆ ఫంగస్ సాక్సులో బతికి ఉండొచ్చు, 60 డిగ్రీల వేడినీళ్ళు దాన్ని చంపుతాయి. ఎండ కూడా దాన్ని బాగా తగ్గిస్తుంది. మే నెలలో మన డాబా మీద ఉండే ఎండ ఏ దేశపు వాషింగ్ మెషీనుకీ దొరకదు. సాక్సుని లోపలివైపు బయటికి తిప్పి ఆరేయాలి, పాదాన్ని తాకేది ఆ వైపే కాబట్టి.

సరే, వేసుకోవాలి అనుకుందాం. ఏవి? "కాటన్ మంచిది" అని మనకి నరనరానా ఉంది. ఎండదేశంలో చీరకీ చొక్కాకీ ఆ మాట నిజమే. బూటులో మాత్రం కథ మారుతుంది. మామూలు గాలిలో ఉంచితే 100 గ్రాముల పొడి నూలు సుమారు 8 గ్రాముల తేమని తనలోకి పీల్చుకుంటుంది. ఉన్ని దాదాపు 16 గ్రాములు, నైలాన్ 4 గ్రాముల దాకా, పాలిస్టర్ అర గ్రాము కూడా కాదు. నూలుపోగు తేమని ఒంట్లోకే తాగి ఉబ్బుతుంది, త్వరగా వదలదు. తడిసిన కాటన్ సాక్సు సాగి, ముడతలు పడి, ఆ ముడతే కొత్త రాపిడి చోటు అవుతుంది. పాలిస్టర్ పోగు నీళ్ళు తాగదు. పోగుకీ పోగుకీ మధ్య సన్నటి సందుల్లోంచి, ప్రమిదలో వత్తి వెంట నూనె ఎక్కినట్టు, చెమట ఎగబాకుతుంది.

ఎగబాకి ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న సాక్సుల అట్టపెట్టె మీద ఉండదు. చీలమండ పైదాకా ఉండే సాక్సులో అయితే బూటు బయట ఉన్న భాగం చేరి గాలికి ఆరిపోతుంది. బెల్లీల్లోకని అమ్మే, బయటికి కనిపించని పొట్టి సాక్సుకి బయట భాగమే లేదు. అది చెమటని మోసుకుపోయే కాలువ కాదు, నిలవపెట్టే చెరువు. అందుకని దాని పని దానితో చేయించుకోవాలంటే నిండగానే మార్చాలి. నేను ఆఫీసు సంచిలో ఇంకో జత పెట్టుకుంటాను, భోజనం తర్వాత మారుస్తాను. రెండు నిమిషాల పని. సాయంత్రం దాకా పాదం పొడిగా ఉంటుంది.

పందేలు పరిగెత్తేవాళ్ళ మీద 1990లో అమెరికాలో హెరింగ్, రిచీ అనే ఇద్దరు పాదవైద్యులు ఒక పరీక్ష పెట్టారు. ఒకే అల్లికతో చేసిన కాటన్ సాక్సులూ ఆక్రిలిక్ సాక్సులూ ఇచ్చారు, ఏది ఏదో ఎవరికీ చెప్పలేదు. ఆక్రిలిక్ వేసుకున్నప్పుడు బొబ్బలు తక్కువ లేచాయి, లేచినవీ చిన్నవి. కొన్నేళ్ళకి అంత మందపు అల్లిక లేని మామూలు సాక్సులతో మళ్ళీ చేస్తే ఆ తేడా కనిపించలేదు. అంటే పోగు ఒక్కటే కాదు, దాన్ని ఎలా అల్లారన్నదీ లెక్కలోకి వస్తుంది. అదే దశకంలో అమెరికా మెరైన్ దళంలో కొత్తగా చేరినవాళ్ళ మీద ఇంకో పరిశోధన జరిగింది. మామూలు సాక్సు లోపల పల్చటి పాలిస్టర్ సాక్సు ఇంకొకటి వేసుకున్నవాళ్ళలో వైద్యుడి దాకా వెళ్ళాల్సిన బొబ్బలు తగ్గాయి. పొర మీద పొర జారిపోతుంటే చర్మానికి లాగుడు తప్పుతుందన్న సూత్రమే అక్కడా పనిచేసింది.

ఈ పల్చటి పొర ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. చలిదేశాల్లో ఆఫీసులకి వెళ్ళే ఆడవాళ్ళు గౌను కింద వేసుకునే పారదర్శకమైన నైలాన్ స్టాకింగ్స్ అదే పని చేస్తాయి. వాలెస్ కరోథర్స్ బృందం 1935లో అమెరికాలో నైలాన్ తయారుచేసింది. 1940 మే 15న ఆ దేశమంతటా నైలాన్ స్టాకింగ్స్ అమ్మకానికి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ నైలాన్ పారాచూట్లవంటి యుద్ధ అవసరాలకి పోయింది. పోగు సన్నదనాన్ని డెనియర్లలో కొలుస్తారు: 9 కిలోమీటర్ల పోగు ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. 15 డెనియర్ల పోగుని చార్మినార్ నుంచి సికింద్రాబాద్ స్టేషను దాకా గాలిలో తిన్నగా లాగి కడితే ఇంచుమించు 15 గ్రాములు తూగుతుంది. అరగుప్పెడు బియ్యమంత. దాని మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా లేదు. అంత సన్నటి పొర బూటు బిగువుని మార్చదు. బెల్లీలకి అది పెద్ద సౌకర్యం, ఎందుకంటే అవి పాదాన్ని పట్టుకునేది బిగువు వల్లే. వాటికి తాళ్ళు లేవు, పట్టీ లేదు.

ఆ ఆకారమే బ్యాలే నాట్యకత్తెల చెప్పు నుంచి వచ్చింది. బ్రిజిట్ బార్డో కోసం పారిస్‌లో రోజ్ రెపెత్తో 1956లో చేసిచ్చిన జతతో అది వీధుల్లోకి వచ్చి అందరికీ పరిచయమైంది. నాట్యం కోసం పుట్టింది కాబట్టి పాదానికి తొడుగులా అంటిపెట్టుకుని ఉండాలి. ఉత్తికాలితో సరిపోయిన బెల్లీల్లోకి మందపు సాక్సు దూరిస్తే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నైలాన్ మరీ నున్నగా ఉంటే పాదం ముందుకి జారి బొటనవేలు బూటు మొనకి తగులుతుంది. మడమ దగ్గర జారాలి, అరికాలి కింద జారకూడదు. పొట్టి సాక్సులు మడమ నుంచి ఊడిపోకుండా లోపల సిలికాన్ చుక్కలు అతికిస్తారు, అవి సాక్సుని చర్మానికి పట్టి ఉంచుతాయి. కొనేటప్పుడు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్న వేళ, ఏ సాక్సుతో వేసుకోబోతామో ఆ సాక్సుతోనే తొడిగి చూసుకోవాలి. ఇంకొకటి: బూటు విప్పాక అవే సాక్సులతో గ్రానైటు గచ్చు మీద తిరగొద్దు. ముఖ్యంగా పెద్దవాళ్ళు జారిపడతారు.

మన ఆడవాళ్ళకి ఇంకో సంగతి ఉంది, విదేశీ పుస్తకాల్లో దొరకనిది: మెట్టెలు. పెళ్ళైనప్పటి నుంచీ రెండోవేలికి వెండి చుట్టు. చెప్పుల్లో దాని మానాన అది ఉంటుంది. బెల్లీల ఇరుకు మొనలోకి వెళ్ళేసరికి అంచు పక్కవేలిని నొక్కుతుంది. నెలలు గడిస్తే అక్కడ ఆనెకాయ కడుతుంది. మెట్టె కింద చెమట నిలిచి చర్మం తెల్లగా నానుతుంది. స్టాకింగ్స్ వేసుకుంటే మెట్టె అతుకు పోగుని పట్టి లాగి ఒక్కపూటలో చీల్చేస్తుంది. అమెరికాలో ఉద్యోగం చేసే మా పిన్నికూతురు ఇందుకే ఆఫీసు రోజుల్లో చెక్కడాలు లేని నున్నటి కడియం మెట్టెలకి మారింది. వేళ్ళు విడివిడిగా ఉండే సాక్సులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మెట్టెకీ పక్కవేలికీ మధ్య గుడ్డ వస్తుంది కాబట్టి నొక్కుడు తగ్గుతుంది. ఆ ఆలోచన పాతదే. ఈజిప్టులో ఆక్సిరింకస్ దగ్గర దొరికిన, సుమారు క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటి ఎర్రటి ఉన్ని సాక్సులు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటికి బొటనవేలు వేరుగా, మిగతా వేళ్ళు వేరుగా చీలిక ఉంది. వేళ్ళ మధ్య పట్టీ ఉన్న చెప్పులోకి సాక్సు వేసుకోవచ్చా అన్న ప్రశ్నకి వాళ్ళు అల్లిక సూదితోనే జవాబిచ్చారు.

సాక్సులు లేకుండా వేసుకుంటే తప్పేమీ లేని రోజులూ ఉన్నాయి. గుడికో పేరంటానికో వెళ్ళి గంటలో తిరిగొచ్చే పనైతే, బూటు అప్పటికే పాదానికి అలవాటుపడి ఉంటే, విప్పాక ఒక రోజంతా గాలికి ఆరనిస్తే పాదానికి ఏ ఇబ్బందీ రాదు. బెల్లీలకి పైభాగం తెరిచి ఉండటం వల్ల అడుగు వేసినప్పుడల్లా కాస్త గాలి వచ్చిపోతుంది. అయితే అది ఏ పదార్థంతో చేసిందో చూడాలి. రెక్సిన్ గాలిని రానివ్వదు, తోలు కొంత రానిస్తుంది. తోలుకి ఇంకో చిక్కుంది. ప్రపంచంలో అధికభాగం తోలుని క్రోమియం లవణాలతో ఊనుతారు. చెమట ఆ క్రోమియాన్ని కొద్దికొద్దిగా కరిగించి చర్మానికి చేరుస్తుంది. అది పడనివాళ్ళకి పాదం పైన బూటు ఆకారంలోనే దురద, పొక్కులు వస్తాయి. రబ్బరులో కలిపే రసాయనాలూ, అట్టలు అతికించే జిగురూ కూడా కొందరికి పడవు. సాక్సు ఆ బదిలీని నెమ్మదింపజేస్తుంది కానీ పూర్తిగా ఆపలేదు. పూర్వం మన పల్లెల్లో తోలు ఊనడానికి తంగేడు చెక్క వాడేవాళ్ళు. ఇంగ్లీషులో ఆ చెట్టుకి తోలు ఊనేవాళ్ళ చెట్టన్న అర్థం వచ్చే పేరే ఉంది. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూల చెట్టు బెరడే కిర్రుచెప్పులకి ప్రాణం పోసేది. క్రోమియం పడని పాదాలకి అలా చెట్టు బెరడుతో ఊనిన తోలే ఈనాటికీ మేలు.

ఇంతవరకూ చెప్పిందంతా నొప్పి తెలిసే పాదాల గురించి. మన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో లెక్క తేల్చింది. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి పాదాల నరాలు నెమ్మదిగా మొద్దుబారతాయి. చెమట గ్రంథుల్ని నడిపే నరాలు కూడా దెబ్బతిని పాదం ఎండి పగులుతుంది. వాళ్ళకి సాక్సు వేసుకోవాలా వద్దా అన్నది అందం సంగతి కాదు, సుఖం సంగతి కూడా కాదు. ఎందుకో కుష్ఠురోగుల పాదాలు చెప్తాయి.

చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946లో చేరిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల పాదాలు చూస్తూ ఒక విషయం గ్రహించాడు. అప్పటిదాకా కుష్ఠు వల్ల మాంసం కుళ్ళి వేళ్ళు రాలిపోతాయనుకునేవారు. వేళ్ళని పోగొడుతున్నది నొప్పి లేకపోవడమేనని ఆయన చూపించాడు. మనం బూటు కరవగానే కుంటుతాం, బరువు పక్కకి వేస్తాం, విప్పేస్తాం. నొప్పి తెలియనివాళ్ళు బొబ్బ పగిలి పుండై ఎముక దాకా దిగినా అదే నడక నడుస్తారు. తర్వాత అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ఆయన ఒక సాక్సు తయారుచేశాడు. అందులో రంగు నింపిన అతిచిన్న గుళికలు ఉండేవి. రోగి దాన్ని బూటులో వేసుకుని కాసేపు నడిస్తే ఒత్తిడి ఎక్కువ పడ్డ చోట గుళికలు పగిలి మరక పడేది. నొప్పి చెప్పాల్సిన మాటని ఆ రంగు చెప్పేది. సాక్సుకి మనిషి అప్పగించిన పనులన్నిటిలో నాకు ఇది ఎంతో గొప్పగా తోస్తుంది.

మా పెద్దమ్మకి పదిహేడేళ్ళుగా షుగర్. మొదటిసారి పాదాల పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు దగ్గర చిన్న పిడికి బిగించిన నైలాన్ పోగు ఒకటుంది, స్టాకింగ్స్ పోగుకన్నా బాగా మందం. చర్మానికి ఆనించి నొక్కితే సరిగ్గా 10 గ్రాముల బలం దగ్గర వంగుతుంది. "అమ్మా, కళ్ళు మూసుకోండి, తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు. బొటనవేలు కింద, చిటికెనవేలు కింద, పాదం మధ్యలో ఒక్కోచోట పోగు వంగడం నేను చూస్తున్నాను. కాసేపటికి పెద్దమ్మ కళ్ళు మూసుకునే అడిగింది: "ఇంకా మొదలుపెట్టలేదా నాయనా?"

ఆ రోజు నుంచి పెద్దమ్మకి కొన్ని కొత్త అలవాట్లు. ఇంట్లో కూడా ఉత్తికాళ్ళతో తిరగదు, ఒట్టి సాక్సులతో కూడా తిరగదు. మొన ఇరుకుగా ఉండే బెల్లీలు మానేసి, వేళ్ళకి చోటుండే మెత్తటి అడుగు బూట్లు వేసుకుంటుంది. సాక్సులు వేలి దగ్గర కుట్టు లేనివి, పిక్క దగ్గర గీత పడేంత బిగువు లేనివి. మెట్టెలు తీయనంది. చుట్టూ వేలికీ మెట్టెకీ మధ్య దారం దూరేంత వదులుగా సాగదీయించుకుంది. మండుటెండలో గుడి ప్రదక్షిణాలు మానేసి పొద్దున్నే వెళ్తోంది, బండలు కాలేది తనకి తెలియదు కాబట్టి. సాక్సులన్నీ తెల్లవే. నల్లవి మురికి కనపడవని మేం కొనిస్తే తిరిగి ఇచ్చేసింది. మురికి కనపడాలి, మరక కనపడాలి, డాక్టరు చెప్పింది అదే అంది.

చెప్పులో రాయి పెట్టే బాధ తెలుగువాళ్ళకి వేమన నాటి నుంచీ తెలుసు. ఆ బాధ కూడా లేకపోతే ఏమవుతుందో నేను కిందటి శ్రావణమాసంలో చూశాను. సాయంత్రం ఇంటికొచ్చి పెద్దమ్మ మంచం మీద కూర్చుంది. సాక్సులు విప్పి, లోపలివైపు బయటికి తిప్పి, ట్యూబులైటు కింద చాచి పట్టుకుంది. కుడిదాని మీద, బొటనవేలి మొదలు వచ్చే చోట, ఆవగింజంత మరక. నన్ను పిలిచి చూపించింది. పాదం చూస్తే అక్కడ చర్మం ఎర్రబడి కొద్దిగా చిట్లింది, ఇంకా లోతుకి దిగలేదు. బూటు తెచ్చి గచ్చు మీద బోర్లించి తట్టాను. కందిగింజంత కంకరరాయి దొర్లుకుంటూ వెళ్ళి గోడ దగ్గర ఆగింది. పెద్దమ్మ ఆ పూట మార్కెట్టుకి వెళ్ళి, పోస్టాఫీసుకి వెళ్ళి, నడిచే తిరిగొచ్చింది.